తెల్ల మేజోళ్ళ పరీక్ష

వీధిలో అందరూ ఆయన్ని భూతద్దం అంటారు. పురుగుల మందు కొట్టడం ఆయన పని. ఇప్పుడైతే భూతద్దం తీయనిదే మందు డబ్బా ముట్టడు. ఒకప్పుడు అంత ఓపికెక్కడిది! గుమ్మంలో నిలబడే నోటికొచ్చింది తేల్చేసేవాడు మహానుభావుడు.

ఆ బుద్ధి మారిన రోజు సంగతి ఇది. మూడు నెలల కింద మందు కొట్టిన ఇంటినుంచే మళ్ళీ పిలుపు వచ్చింది. స్నానాల గది మూలన మళ్ళీ అవే పురుగులు. ఆవగింజలో సగం కూడా లేవు. బూడిదరంగులో ఉన్నాయి, వేలు పెడితే చాలు ఎగిరిపడుతున్నాయి.

"వంటావిడని అప్పుడే మాన్పించేశాం కదండీ! ఆవిడ ఇంట్లో కుక్క ఉంది, దాని ఒంటిమీంచి వచ్చిన కుక్క పురుగులే అన్నారుగా మీరు?" అంది ఇల్లాలు.

అవును, అప్పట్లో అలాగే అన్నాడు. ఎగిరిందల్లా కుక్క పురుగే అనుకున్నాడు. మరి ఆవిడ వెళ్ళిపోయాక ఇవి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

పని నేర్పిన పెద్దాయన చెప్పిన పరీక్ష ఒకటుంది, తీరిక లేదని ఏనాడో వదిలేశాడు. తెల్ల మేజోళ్ళు తొడుక్కుని ఆ మూలన పావుగంట నిలబడ్డాడు. కుక్క పురుగులైతే కాళ్ళకెక్కి కుట్టాలి. ఒక్కటీ ఎక్కలేదు. తడి కాగితంతో ఒకదాన్ని అద్ది, సంచి అడుగునున్న భూతద్దం తీసి చూశాడు. మెత్తటి ఒళ్ళు, పొట్ట కింద మడిచిన తోక. ఆ తోకను నేలకేసి కొట్టే ఇది ఎగిరేది. పుస్తకాల్లో దీన్ని స్ప్రింగ్‌టెయిల్ అంటారు. చెమ్మలో బూజు తిని బతుకుతుంది, మనిషి జోలికే రాదు. గోడ తడిమితే లోపల పైపు కారుతోందని తెలిసిపోయింది.

"ఇవి ఎవరింటినుంచీ రాలేదమ్మా, మీ గోడ చెమ్మలో పుట్టాయి. చూడకుండా చెప్పాను. తప్పు నాదే."

ఇల్లాలి ముఖం చిన్నబోయింది. "ఆవిణ్ణి రేపే పనిలోకి రమ్మనండి," అంది.

ఆయన తిన్నగా వంటావిడ ఇంటికి వెళ్ళాడు. తిడితే పడాలనుకునే వెళ్ళాడు.

"నీ దగ్గర ఏ పురుగూ లేదక్కా. నేనే పొరబడ్డాను. రేపటినుంచి పనికి రమ్మన్నారు."

ఆమె పని మాటే ఎత్తలేదు.

"అంటుకుంటాయేమోనని, ఇంకా స్నానం చెయ్యలేదని సాకు చెప్పి మూణ్ణెల్లుగా మనవరాలిని ఒళ్ళోకి రానివ్వలేదయ్యా. ఇక ఎత్తుకోవచ్చా?"

"ఎత్తుకో అక్కా," అన్నాడు.

ఆమె చేతులు చాచింది. నాలుగేళ్ళ పిల్ల పరుగున వచ్చి, రెండడుగుల దూరంలో టక్కున ఆగింది.

"స్నానం చేశావా అమ్మమ్మా?" అని అడిగింది.