చేత్తో కదిపే కడ్డీ

గాలిగొట్టాన్ని మూసి తెరిచే డ్యాంపర్ రేకును మోటారుతో కలిపే కడ్డీ బిగించేటప్పుడు పెద్దమేస్త్రి నట్టును పావుచుట్టు తిప్పి, కడ్డీని చేత్తో ఆడించి చూసి, మళ్లీ తిప్పుతాడు. మధ్యలో పిలిస్తే పలకడు. ఆ రోజు ఆయన బావమరిది గాలిగొట్టంలోకి నడుం దాకా దూరి గ్రీజు పూస్తుండగా, ఆపరేటర్ లోపల ఎవరున్నారో చూడకుండానే మోటారు స్విచ్ నొక్కాడు. ఇనుపరేకు నడుం మీదికి మూసుకుంది.

“బావా, చచ్చాను!”

మేస్త్రి సుత్తి ఎత్తి, కడ్డీని రేకుకు పట్టి ఉంచే పిన్నును మూడు దెబ్బల్లో తెగ్గొట్టాడు. ఊడిన కడ్డీ ఎగిరి ఆయన చెంప చీల్చింది.

“అరుస్తున్నావుగా, చావలేదులే. బయటికి రా.”

తర్వాత ఆపరేటర్‌ను కాలర్ పట్టి గోడకేసి కొట్టాడు.

“సూపర్‌వైజర్ తొందరపెట్టాడు మేస్త్రీ!”

మళ్లీ కొట్టాడు. కొత్త పిన్నుతో కడ్డీని రేకుకు తగిలించి, మోటారు వైపు కొస విప్పేసి, ఆపరేటర్ మెడ వంచి రెండు చేతులూ కడ్డీ మీద పెట్టించాడు.

“మెల్లగా కదుపు. ఈసారి లోపల నేనుంటా,” అని నెత్తుటి మొహంతోనే గొట్టంలోకి దూరాడు.