అత్తమ్మ కాలు

నాకు పుట్టుకతోనే పెళుసు ఎముకల జబ్బు. వెన్ను కూడా వంకర. పోయిన వేసవిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కనున్న మామిడిపల్లిలో మా మేనత్త ఇంట్లో పెళ్లికి వెళ్తే, నడుము పట్టేసి లేవలేకపోయాను.

ఎదురుకాళ్లతో, అంటే కాళ్లు ముందుగా బయటికొచ్చి పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుము సర్దుకుంటుందని మా వైపు నమ్మకం. ఆ మేనత్త, మా అత్తమ్మ, అలా పుట్టిన మనిషే.

"వద్దత్తమ్మా, నా ఎముకలు విరుగుతయ్!" అని మొత్తుకున్నాను.

"ఎయిర్‌పోర్టుల సామాన్లు మోసేటోళ్లంత నా కాలుకు మొక్కుతరు. నీ నడుమేమన్న బంగారమా?" అంటూ నన్ను గడప దగ్గర బోర్లా పడుకోబెట్టించింది. ఇద్దరు చుట్టాలు నవ్వుతూ నా భుజాలు నొక్కిపట్టారు. ఆమె నా వీపు మీద కాలు పెట్టి బరువంతా వేసింది.

టప్‌మని చప్పుడైంది. నా కళ్లు బైర్లు కమ్మాయి.

"ఇన్నరా? పట్టు ఇడిసింది!" అందామె గర్వంగా. అందరూ చప్పట్లు కొట్టారు.

శంషాబాద్ దవాఖానలో ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస ఒకటి నలిగిపోయిందని తేలింది. బెల్టు కట్టుకుని మంచాన పడ్డ నన్ను చూడటానికి అత్తమ్మ బత్తాయిలు పట్టుకొచ్చింది.

"నేను తొక్కబట్టి గీమాత్రమన్న ఉన్నవ్ బిడ్డా" అంది.

పెళుసుతనం నా ఎముకలకే. ఆమె నమ్మకానికి ఇప్పటికీ చిన్న బీట కూడా పడలేదు.