నేను ఆపిన చెరువు

ఊళ్లను వరదలు ముంచుతాయి. మా వీధిని మాత్రం నేను ముంచాను. అదీ ఒక్క చుక్క నీళ్లు లేకుండా, మండువేసవిలో, చప్పట్ల మధ్య! ఇంత ఘనకార్యం చేసినదాన్ని ఇప్పటికీ అదే వీధిలో ఉండనిస్తున్నారంటే అది ఆ వీధివాళ్ల మంచితనం.

మాది ఏలూరు బస్సెక్కినా, తాడేపల్లిగూడెం బస్సెక్కినా గంటలో చేరిపోయే చిన్న పట్టణం. నేను మిషన్ బడిలో సోషల్ టీచర్ని. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. లోకంలో నాకు అర్థంకాని పటమంటూ లేదని గట్టి నమ్మకం.

ఆ వేసవిలో మున్సిపాలిటీ వాళ్లు మాస్టర్ ప్లాన్ ముసాయిదా తయారుచేశారు. రాబోయే ఇరవై ఏళ్లలో ఊళ్లో ఇళ్లెక్కడుండాలి, దుకాణాలెక్కడుండాలి, ఏ రోడ్డు ఎంత వెడల్పవ్వాలి అని రంగులేసి చూపించే పటమన్నమాట. దాన్ని ఆఫీసు వరండాలో గోడకు అతికించి, అభ్యంతరాలుంటే రాసివ్వండని ఊరంతా చాటించారు. అన్నయ్య కూతురి బర్త్ సర్టిఫికెట్ కోసం వెళ్లిన నేను ఆ పటం ముందు ఆగిపోయాను.

చుట్టుపక్కలంతా పసుపు. మధ్యలో మా చర్చి వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా ముదురు నీలం!

మీరే చెప్పండి, పటంలో నీలమంటే ఏమిటి? ఆరో తరగతి పిల్లల్ని నిద్రలేపి అడిగినా "నీళ్లు టీచర్" అంటారు. అలా అనేదాకా వాళ్లను వదలనిది నేనే. నిజానికి పటం కింది మూలన ఏ రంగుకు ఏమిటర్థమో రాసే ఉంది. ఆ మూలకు అడ్డంగా ఎవరో బీరువా పెట్టారు. దాని వెనక్కి తొంగిచూడాలన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చివుంటే మీకీ కథ దక్కేది కాదు.

ఇంటికి నడిచి రాలేదు, ఎగిరొచ్చాను. మా వీధి మొదట్లో నాగభూషణం గారి కిరాణా కొట్టు. ఆయన కందిపప్పు తూస్తున్నారు.

"బాబాయి గారూ! మన వీధిని చెరువు చేసేస్తున్నారండీ!"

తూస్తున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఏం చెరువమ్మా?"

"మంచినీళ్ల చెరువే అయ్యుంటుందండీ. వేసవిలో ఊరికి నీళ్లు చాలడంలేదు కదా!"

"ఇళ్లున్నచోట చెరువేమిటమ్మా, విడ్డూరం కాకపోతే!"

"కలిదిండి వైపు చూశారా అండీ? ఒకప్పుడు వరిచేలు, ఇప్పుడెటు చూసినా చేపల చెరువులే. అక్కడ చేలు పోయాయి, ఇక్కడ ఇళ్లు పోతాయి. పటంలో నా కళ్లతో చూశానండీ!"

పప్పు కోసం వచ్చిన దీనమ్మ అత్తయ్య గుండెమీద చెయ్యేసుకుంది. ఆవిడ కొల్లేరు నడుమనున్న కొల్లేటికోటలో పుట్టి పెరిగిన మనిషి. "నీళ్ల సంగతి నాకు చెప్పకే. వానాకాలమొస్తే గుమ్మందాకా పడవలోనే వచ్చేవాళ్లం. మళ్లీ ఆ బతుకు నావల్ల కాదు తల్లీ!"

అంతే. సాయంత్రానికల్లా వీధి మొత్తం చర్చి ఆవరణలో చేరింది. నేను కుర్చీ ఎక్కి మాట్లాడాను. ఎక్కడ నేర్చానో తెలియదు గానీ, నా గొంతు నాకే ముద్దొచ్చింది. చివర్లో రహస్యంగా ఒక తెలివైన సలహా కూడా ఇచ్చాను.

"వాళ్ల గుట్టు మనకు తెలిసిపోయిందని తెలిస్తే మాట మార్చేస్తారు. కాబట్టి చెరువు అన్నమాట ఎవరూ ఎత్తకండి. 'మా వీధికి ఈ మార్పు వద్దు, ఇళ్ల వీధిగానే ఉంచండి' అనండి. చాలు!"

ఆ మాటే కాగితం మీద రాసి, అందరికంటే ముందు నేను సంతకం పెట్టాను.

అభ్యంతరాలు వినే రోజు కౌన్సిల్ హాలు మాతోనే నిండిపోయింది. టౌన్ ప్లానింగ్ ఆఫీసరు కుర్రాడు, మంచివాడు. మా అర్జీ రెండుసార్లు చదివి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఏవండీ, ఒక్కసారి ఆలోచించుకోండి. మిగతా వీధులవాళ్లు ఇది మాకు కావాలని వెంటపడుతున్నారు. మీరేమో వద్దంటున్నారు."

"అయితే కావాలన్నవాళ్లకే ఇచ్చేయండి!" అన్నాను. హాలు చప్పట్లతో మోగింది.

"అది కాదండీ, రేపు మీ వీధి విలువ..."

"మా విలువలు మాకున్నాయండీ!" మళ్లీ చప్పట్లు.

దీనమ్మ అత్తయ్య లేచింది. "బాబూ, మునిగిపోయే బతుకు మాకొద్దయ్యా."

ఆఫీసరు తెల్లబోయాడు. "మునగడమేమిటండీ? దీంతో మీరందరూ తేలతారు కదా!"

"మాకు తేలడం కూడా వద్దు!" అంది అత్తయ్య.

అన్నిటికీ మించి నాగభూషణం గారు బల్ల గుద్దారు. "ప్రాణం పోయినా ఒప్పుకోనండీ! రాసుకోండి!"

రాసుకున్నారు. మా అభ్యంతరాన్ని కౌన్సిల్ ఏకగ్రీవంగా మన్నించి, పటం దిద్ది, తీర్మానం చేసి పైకి పంపింది. మా వీధి నన్ను పూలదండేసి ఊరేగించింది. ఊళ్లో చెరువును ఆపిన ఏకైక మహిళనని నేను చాలా నెలలు మురిసిపోయాను.

ప్లాన్‌కు ప్రభుత్వ ఆమోదం వచ్చాక ఒకరోజు నాగభూషణం గారు మా గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో ఒక కాగితం, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా సుజాతా, కొట్టుమీద రెండంతస్తుల బట్టల షాపు కట్టుకుంటానని పర్మిషన్‌కి పెట్టానమ్మా. ఇవ్వరట. మనది ఇళ్ల వీధట."

"అదేమిటండీ, చెరువు తీసేశారు కదా!"

"చెరువెక్కడిదమ్మా? ఆ నీలం రంగు కమర్షియల్ జోనట. దుకాణాలకీ ఆఫీసులకీ. నీళ్లకు వేరే లేత రంగుందట. మనకు పెట్టింది చెరువు కాదమ్మా, బజారు!"

ఆయన గొంతు ఇంకా తగ్గింది. "వద్దని బల్ల గుద్దింది నేనేనని ఫైల్లో ఉందట. నాకే చదివి వినిపించారు."

మూడు రోజులు జ్వరమని బడికి సెలవు పెట్టి ఇంట్లో దాక్కున్నాను. ఆదివారం చర్చికి వెళ్లక తప్పలేదు. ఆరాధన అయ్యి బయటికొస్తే మేళతాళాలతో వెనకవీధి జనం! మా వీధి వాళ్లందరూ చూస్తుండగా వాళ్ల పెద్దాయన నా భుజాలమీద శాలువా కప్పారు.

"మీరు వద్దనబట్టే ఆ బజారు మా వీధికొచ్చిందమ్మా. మీలాంటి త్యాగమూర్తులు ఈ రోజుల్లో ఎక్కడుంటారు? మొదటి కొట్టు మీ చేతులమీదుగా తెరిపించాలని మా అందరి కోరిక. బట్టల కొట్టండీ."

నేను నాగభూషణం గారి వైపు చూడలేక చూశాను. ఆయన రెండు చేతులూ జోడించారు.

"వెళ్లిరామ్మా. మన వీధికి నీ చేతులమీదుగా కావలసిందంతా అయిపోయిందిగా!"

అందుచేత, చదివే పెద్దలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బతికున్నంతకాలం ఏ ప్రభుత్వ కాగితానికీ వద్దు అని చెప్పను. మరీ చెప్పాల్సి వస్తే, ముందు అదేమిటో అడుగుతాను. ఆ అడగడానికి కూడా మా వీధివాళ్లు నన్ను పంపరు లెండి.