తల ఊపినవాళ్లు నిలబడాలి

అబద్ధాల మాస్టారు అన్న పేరు పిల్లలు పెట్టిందే. ఆయన దానికి మురిసిపోయేవారు. ఇంటి దగ్గర కథ చదువుకు రమ్మని వర్క్‌షీట్లు ఇస్తే, ఒకడు రాసింది తరగతంతా దించేసేది. అందుకని వాటిని చెత్తబుట్టలో పడేసి, కథ తనే చెప్పడం మొదలుపెట్టారు. మధ్యలో ఒక పచ్చి అబద్ధం కలిపేవారు. చదివినవాడు చెయ్యెత్తేవాడు. చదవనివాడు బుద్ధిమంతుడిలా తల ఊపేవాడు. ఊపినవాడు గంట కొట్టేదాకా వెనక గోడకి ముక్కు ఆనించి నిలబడాలి, తక్కినవాళ్లు నవ్వాలి. నవ్వకపోతే మాస్టారికి కోపం.

నత్తి ఉన్న అమ్మాయి ఒకతి, కథ చదివి కూడా, ఎదురుచెప్పడానికి నోరు పెగలక తల ఊపేసింది.

“చ... చదివాను సార్,” అంది గోడ దగ్గర నిలబడి.

“గోడకి చెప్పు,” అన్నారు మాస్టారు. అందరూ పడీపడీ నవ్వారు.

ఆ ఏడాదే ఆయనకి మతిమరుపు పట్టుకుంది. ఏళ్ల తరబడి చెప్పిన పడవవాడి కథలో కొడుకుని అల్లుడనేశారు. చేతులు లేచాయి. తప్పు దొర్లిందని ఆయనకి అప్పుడే తెలిసింది, అయినా “శభాష్” అనేశారు. ఇదీ పరీక్షే అనుకున్నారు పిల్లలు. అప్పట్నుంచి ఆ నాటకమే ఆయన్ని కాపాడింది. సంగతి బయటపడితే బడి మాన్పించేస్తారు. బడి తప్ప ఆయనకి ఇంకో బతుకు లేదు.

పిల్లల మనసు వెన్న అనేవాళ్లు వాళ్ల మధ్య ఎప్పుడూ కూర్చోలేదు. మాస్టారి తడబాటు అందరికంటే ముందు ఆ అమ్మాయే పసిగట్టింది, మెల్లగా అందరి చెవినా వేసింది.

“ఇవాళ క... కథ నేను చెబుతా సార్,” అని లేచింది ఒకరోజు.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. పడవవాడు పడవ అమ్మేసి పట్నం పోయాడని చెప్పిందామె. మాస్టారు తల ఊపారు.

“ప... పడవ అమ్మలేదు సార్. మునిగిపోయింది. మీరు ఊపారు.”

మాస్టారు ఒక్కో మొహమే చూశారు. ఇది పరీక్షే అనడానికి ఈసారి కథ చెప్పింది ఆయన కాదు. లేచి, బల్లల మధ్య నుంచి నడిచి వెళ్లి, గోడకి ముక్కు ఆనించారు.

“చదివానమ్మా... ఎన్నోసార్లు చదివాను,” అన్నారు.

“గోడకి చెప్పండి సార్.”

ఈసారి నత్తి రాలేదు. తరగతంతా నవ్వింది. నవ్వాలని నేర్పింది ఆయనే.