బీడీల చాటల నడుమ లాప్‌టాప్

2008 ఎండాకాలం. నిజామాబాద్ బస్టాండు దగ్గర, జ్యూస్ బండికీ చెప్పుల దుకాణానికీ మధ్య ఇరుక్కుని మా రిపేరు షాపు ఉండేది. అదే దుకాణంలో మా అబ్బా, అంటే మా నాన్న, రేడియోలు బాగుచేశాడు, నేను కంప్యూటర్లకు మారాను. డెస్క్‌టాప్‌లు రోజూ వచ్చేవి గానీ, లాప్‌టాప్ వచ్చిందంటే పక్క జ్యూస్ బండివాడు కూడా గ్లాసు కడగడం ఆపి తొంగి చూసేవాడు.

ఒక మధ్యాహ్నం బోధన్ నుంచి స్రవంతి అనే అమ్మాయి వచ్చింది. ఎం.సి.ఎ. ఆఖరి సంవత్సరం. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక మూటను గుండెలకు అదుముకుని వచ్చి కౌంటర్ మీద పెట్టింది. పైన దుప్పటి ముక్క, దాని కింద ప్లాస్టిక్ కవరు, దాని కింద పాత పట్టుచీరతో కుట్టిన సంచి. అన్నీ విప్పేసరికి నాకు చెమట పట్టింది. లోపల కొత్త లాప్‌టాప్, మూత మీద పసుపు, కుంకుమ బొట్టు.

"అన్నా, పావుగంట మంచిగ నడుస్తది. ఆ తర్వాత టప్పుమని బంద్ అయితది" అంది.

"పరుపు మీద పెట్టి నడిపిస్తున్నవా?"

"లేదన్నా, పీట మీద పెడ్త. కింద ఉతికిన గుడ్డ కూడ ఏస్త."

"ఇంట్ల ఇంకెవరు వాడుతరు?"

"నేను తప్ప ఎవ్వలు ముట్టరు. మా అమ్మయితే దాని దిక్కు చూడాలన్నా కొంగు సర్దుకొని చూస్తది."

నాకు నవ్వొచ్చింది. లాప్‌టాప్ దానంతటదే ఆరిపోతే మేము మొదట అనుమానించేది వేడినే. ప్రాసెసర్ పుట్టించే వేడిని హీట్‌సింక్ అనే సన్నటి రాగిరేకుల వరస లాక్కుంటుంది. చిన్న ఫ్యాను కింది నుంచి గాలి పీల్చి, ఆ రేకుల మీదుగా పక్కకు ఊదేస్తుంది. ఆ దారి మూసుకుపోతే ప్రాసెసర్ కాలిపోకుండా యంత్రం తనే ఆగిపోతుంది. విప్పి చూస్తే అదే జరిగింది. రేకుల మధ్య గోధుమరంగు దుమ్ము కంబళి ముక్కలా పేరుకుని ఉంది. మట్టిరోడ్డు దుమ్ము అనుకున్నాను. శుభ్రం చేసి, ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య వేడిని అందించే థర్మల్ పేస్ట్ కొత్తది పూసి, ఎలా కాపాడుకోవాలో ఆ పిల్లకు పెద్ద ఉపన్యాసం ఇచ్చి పంపాను. ఉపన్యాసం ఇవ్వడం నాకు మహా సరదా.

నెల తిరక్కుండానే అదే మూట, అదే పిల్ల. ఈసారి కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ.

"సోమవారం వైవా అన్నా. బయటి కాలేజీ సార్ వస్తడు. ఆయన ముందు ప్రాజెక్టు నడిపించి చూపాలె. కాలేజీ ల్యాబ్‌ల పాత సిస్టమ్‌లు, అండ్ల నా ప్రాజెక్టు ఎక్కుతలేదు. ఆ సార్ ముందర ఇది బంద్ అయితే మూడేండ్ల చదువు గంగల కలుస్తది."

నేను చేసిన పని నెలకే తిరిగొస్తే నాకు ఒళ్లు మండుతుంది. విసురుగా విప్పాను. మళ్లీ అదే గోధుమరంగు కంబళి. ఈసారి దగ్గరగా పెట్టుకుని బ్రష్‌తో దులిపాను. అంతే, తుమ్ము మీద తుమ్ము. నా తుమ్ములు ఆగేలోపు జ్యూస్ బండివాడు కూడా అందుకున్నాడు. అది మట్టి కాదు, పొగాకు పొడి, తంబాకు!

"మీ ఇంట్ల సిగరెట్లు గిట్ల తాగుతరా?"

"ఛీ ఛీ! మా ఇంట్ల ఎవ్వలు తాగరు. అమ్మ బీడీలు చేస్తది. గని ఆమె దీన్ని ముట్టదని చెప్పిన గద అన్నా!"

మా వైపు బీడీలు చేయని వాడ వెతకాలి. అలాంటి ఇళ్ల నుంచి కంప్యూటర్లు ఎన్నో వచ్చాయి, ఇంత తంబాకు ఎక్కడా చూడలేదు. శుభ్రం చేసి ఇచ్చాను గానీ మనసు ఒప్పుకోలేదు. రోగి ఇల్లు చూస్తే గానీ ఈ రోగం తెలియదనిపించి, శుక్రవారం జుమ్మా నమాజు కాగానే షాపు కట్టేసి బోధన్ బస్సెక్కాను.

రెండు గదుల పెంకుటిల్లు. వాళ్లమ్మ గంగామణి చాయ్ ఇచ్చింది. గది నడుమ పీట, దాని మీద ఉతికిన గుడ్డ, గుడ్డ మీద లాప్‌టాప్. స్రవంతి చెప్పినవన్నీ నిజాలే. అసలు తప్పెక్కడుందో అర్థం కాక చాయ్ తాగుతూ కూర్చున్నాను.

పొద్దుగూకుతుండగా కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు కోత చెప్పిన వేళకు వచ్చే చుట్టం. వీధి వీధంతా "పోయె!" అని అరిచింది. వింతేమిటంటే ఆ ఇంట్లో ఎవరూ అగ్గిపెట్టె కోసం వెతకలేదు. స్రవంతి లాప్‌టాప్ తెరిచి తన పనిలో పడింది. తెర వెలుగు గదంతా పరుచుకుంది. ఎవరూ పిలవకుండానే ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒక్కొక్కరే చాటలు పట్టుకుని వచ్చి పీట చుట్టూ కూర్చున్నారు. గంగామణీ తన చాట ఒళ్లో పెట్టుకుంది. కత్తెరలు ఆకులు కోస్తున్నాయి, వేళ్లు తంబాకు నింపి చుట్టి దారం కడుతున్నాయి, నోళ్లు ఊరందరి ముచ్చట్లూ చెప్పుకుంటున్నాయి. ఒకటే నవ్వులు. ఆ వెలుగులో సన్నటి తంబాకు పొడి మెల్లగా తేలుతూ లాప్‌టాప్ వైపే పోతోంది. లోపలి చిన్న ఫ్యాను ఆ పొడిని హాయిగా పీల్చుకుంటోంది.

నేను పగలబడి నవ్వాను. నా పక్కన కూర్చున్న ముసలమ్మ నర్సవ్వ గుర్రుగా చూసింది.

"ఏమైంది బిడ్డా, గట్ల నవ్వవడ్తివి?"

"దొంగ దొరికిండు అవ్వా!"

స్రవంతికి వెంటనే అర్థమై నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఎవ్వలు ముట్టలే గద అన్నా!"

"ముట్టలే. ముట్టుకునుడు అవసరమే పడలే."

విషయం చెప్పగానే గంగామణి ముఖం మాడిపోయింది. "నా చేతులతోనే నా బిడ్డ చదువు ఖరాబు చేస్తున్ననా? దీపం బుడ్డి పెట్టుకుందుమంటే తంబాకు మీద మంట భయం, పొగకు కండ్లు మండుతయి. దీని వెలుగు సల్లగ ఉంటది తమ్మీ." చాట ఎత్తుకుని లేవబోయింది. మిగతావాళ్లూ గొణుక్కుంటూ లేచారు.

స్రవంతి తల్లి కొంగు పట్టుకుని లాగింది. "కూసో అమ్మా! మీరు బీడీలు చేస్తేనే గద ఇది మనింటికి వచ్చింది. లేస్తే నేనే లేస్త."

అంతవరకు నేను అక్కడ ఒక యంత్రాన్నే చూస్తూ వచ్చాను.

మర్నాడే మళ్లీ వెళ్లాను. మా షాపులో పాత యు.పి.ఎస్. బ్యాటరీలు మూల నిండా ఉండేవి. కరెంటు పోతే కంప్యూటర్‌ను కాసేపు నిలబెట్టే పెట్టె యు.పి.ఎస్. అందులో పనికిరావని తీసేసిన బ్యాటరీలు చిన్న బల్బును మాత్రం చాలాసేపు వెలిగిస్తాయి. వాటిలో కాస్త బాగున్నది ఒకటి ఏరి, దానికి స్కూటర్ బల్బు తగిలించి, బల్బును వాసానికి వేలాడదీశాను. చార్జర్ కూడా అమర్చాను. లాప్‌టాప్‌ను అవతలి మూల కిటికీ పక్కకు, ఎత్తు బల్ల మీదికి మార్చి, ఫ్యానును ఇంకోసారి శుభ్రం చేశాను.

కరెంటు పోయింది, బల్బు వెలిగింది. ఆడవాళ్లంతా "అబ్బో!" అని దాని కింద చేరారు. స్రవంతి మాత్రం అవతలి మూల నుంచి బిక్కమొహంతో చూసింది. "గిదేందన్నా, నన్ను ఒక్కదాన్ని చేస్తివి!"

నర్సవ్వ అందుకుంది. "ఒక్కదానివి ఎట్లయితవు? దినాం నీ పక్కపొంటి కూసుంటిమి, నువ్వేం చేస్తున్నవో ఒక్కనాడన్న చెప్పినవా? ఇప్పుడు నిలవడి చెప్పు, ఇంటం."

స్రవంతి సిగ్గుపడుతూనే లేచింది. దవాఖానాలో రోగుల చీటీలు రాసే సాఫ్ట్‌వేర్ ఆమె ప్రాజెక్టు. కాలేజీ ఇంగ్లిషు పక్కన పెట్టి వాళ్ల భాషలో చెప్పింది. బీడీలు చుట్టే చేతులు ఆగలేదు, చెవులన్నీ అటే ఉన్నాయి. అంతా విని నర్సవ్వ అడిగింది: "అయితే బిడ్డా, చీటీ రాస్తుండంగ నడుమల కరెంటు పోతే? రోగం మళ్లా మొదటికెళ్లి చెప్పుకోవాల్నా?"

అందరూ నవ్వారు. స్రవంతి నవ్వలేదు. బల్ల దగ్గరికి పోయి కూర్చుంది. ఆదివారమంతా కూర్చుని, రాస్తున్నది రాస్తున్నట్టే భద్రమయ్యేలా మార్చిందట.

సోమవారం సాయంత్రం తల్లీకూతుళ్లిద్దరూ మా షాపుకొచ్చారు. ముఖాలు చూస్తేనే తెలిసిపోయింది. లాప్‌టాప్ ఒక్కసారి కూడా ఆగలేదు. అంతా చూసిన ఆ బయటి సార్ ఆఖరున ఒకే ప్రశ్న వేశాడట: మధ్యలో కరెంటు పోతే ఎలాగమ్మా?

"నాకు నవ్వు ఆగలే అన్నా! ఇది మా నర్సవ్వ ఎప్పుడో అడిగింది సార్ అన్న. నర్సవ్వ ఎవరమ్మా, మీ లెక్చరరా అన్నడు!"

ముగ్గురం కౌంటర్ పట్టుకుని నవ్వాం. గంగామణి సంచిలోంచి సకినాల డబ్బా తీసింది, దానితో పాటు ఒక గుడ్డ మూట. విప్పితే నా షాపు కంప్యూటర్‌కు కవరు, అదే పట్టుచీర ముక్కతో కుట్టింది. "నడిచేటప్పుడు మాత్రం కప్పకు తమ్మీ, వేడెక్కుతది" అని నా ఉపన్యాసం నాకే చెప్పింది.

అప్పటి నుంచి నా దగ్గరికి ఏ యంత్రం వచ్చినా, దీన్ని ఎవరు వాడుతారు అని అడిగి ఊరుకోను. దీని పక్కన ఎవరెవరు కూర్చుంటారు అని కూడా అడుగుతాను.