బావ ల్యాప్‌టాప్‌కు గాలి

బావ ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే, పొయ్యి మీద అన్నం ఉడికేలోపే వేడెక్కి ఆగిపోయేది. డిగ్రీలో కంప్యూటర్లు చదివిన పాపానికి, ప్రొద్దుటూరు నుంచి నన్ను జమ్మలమడుగు దగ్గరి పల్లెకు, అక్క అత్తగారింటికి పిలిపించి దాని ముందు కూర్చోబెట్టారు.

బావ పోయి అప్పటికి మూడో వేసవి. ఎలక్షన్లప్పుడు పులివెందుల నుంచి వస్తుంటే దారిలో ఆపి చంపారు. పేపర్లో ఆయన పేరు కంటే పార్టీ పేరు పెద్దక్షరాల్లో పడింది. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు సరిపోతాయో లేదో చూస్తూ తిరిగాను. ఆ తర్వాత కూడా రాలేదు. ఆఫీసులో నా వంతు ఇంకా పిలవనట్టు ఉండిపోయాను.

ల్యాప్‌టాప్‌లో ఆయన చీనీ తోటలో, బత్తాయి చెట్ల మధ్య తీసిన వీడియో ఒకటుంది. ఆయన గొంతు మిగిలింది దాంట్లోనే. ఆయన పోయేనాటికి అక్క కూతురు ఉయ్యాల్లో ఉంది. ఆ పిల్లకు తండ్రి గొంతు వినిపించాలని అక్క కోరిక. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంటే సగంలో ఆగిపోయేది. ఆగిన ప్రతిసారీ మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు. విప్పి చూసే ధైర్యం నాకు లేదు. నేను చదివింది థియరీ.

ప్రొద్దుటూరులో బాగుచేసే మనిషి ఉన్నాడు కానీ, ఆయనది అవతలి పార్టీ. మా వైపు టీ బంకు నుంచి పళ్ల డాక్టరు దాకా అంతా పార్టీ ప్రకారమే. మా పార్టీకీ ఒక మెకానిక్ ఉన్నాడు, బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఆయన్నే అడిగాను.

"మోటారైతే జేస్తానప్పా. ఇదేందో నాకు తెల్దు. అయినా మనోళ్ల వస్తువు వాళ్ల చేతికి ఇయ్యొద్దు," అన్నాడు. సలహాకు చార్జీ తీసుకోలేదు.

అక్క అత్తగారు తనకు తెలిసిన వైద్యం చెప్పింది. మా వైపు ఎండాకాలం మనుషులకూ పెరుగు ముంతకూ నాపరాయి బండలే దిక్కు. వంటింట్లో బండ మీద నీళ్లు చల్లి, తుడిచి, ల్యాప్‌టాప్‌ను అడుగు దానికి అతుక్కునేట్టు పెట్టించింది. అది ఇంకా తొందరగా ఆగిపోయింది. గాలి పీల్చే కంతలు అడుగునే ఉన్నాయని నాకప్పుడు గుర్తొచ్చింది. నాలుగు మూలలా రాతి ముక్కలు పెట్టి లేపాను. కాస్త నయం. కానీ ఆ ఇంట్లో గాలి ఎక్కడిది? బాంబుల భయానికి వీధి వైపు కిటికీలన్నీ బావ చిన్నప్పుడే ఇటుకలు పెట్టి మూసేశారు.

"బయట అరుగు మింద పెడదాం రా," అంది అక్క.

ఆ ఇంటి మగవాళ్లు అరుగు మీద కూర్చోరు. వీధిలోకి కనపడతారు.

"ఒద్దు," అంది అత్త. "ఆ పిల్లోణ్ణి యాడ కూర్చోబెడతాండావు? తెలివుందా?"

"నన్నెవరు జంపుతారత్తా? నా ఓటు గూడా ఈడ లేదు," అని నవ్వాను.

"వాడూ ఇట్లనే నగుతాండె."

అక్క ఏమీ వినపడనట్టు ల్యాప్‌టాప్ ఎత్తుకుని బయటికి నడిచింది. నేనూ, పాపా వెనకే వెళ్లాం. పెన్న వైపు నుంచి మంచి గాలి వస్తోంది. ఫైలు ఎక్కడం మొదలైంది. అంతలో అత్త వచ్చి అరుగు అంచున, నాకూ వీధికీ మధ్య కూర్చుంది. కొంగు విప్పి అడ్డంగా చాపుకుంది. గాలి ఆగింది. ల్యాప్‌టాప్ ఫ్యాను గట్టిగా రొద పెట్టింది.

"అత్తా, కొంచెం జరుగు. గాలి రాలే."

"రాకపోతే రాకపోనీ."

"మళ్లీ ఆగిపోతాది."

"ఆగిపోనీ. నేను జరగను."

అక్క ఆమెను చూడకుండా, తెర మీద మెల్లగా నిండుతున్న గీతనే చూస్తూ అంది: "ఆయన గొంతు పోతాదత్తా."

అత్త వీధి ఆ చివరిదాకా ఒకసారి, ఈ చివరిదాకా ఒకసారి చూసింది. ఒక మోటారుసైకిలు వెళ్లిపోయేదాకా ఆగింది. తర్వాత జరిగింది. శానా ఏం కాదు, ఒక బెత్తెడు. అది చాలింది.

ఫైలు పూర్తిగా ఎక్కింది. పెన్‌డ్రైవ్ అక్క చేతికిచ్చి, అక్కడే వీడియో పెట్టాను. చీనీ చెట్లు, గాలి. తర్వాత బావ గొంతు, ఎవరి మీదో: "రేయ్, మోటారు ఆపినావా లేదా? నీళ్లు బాటెమ్మడి పోతాండాయి!"

పాప తెర దగ్గరికి వంగింది. "ఎవురుమా అరుస్తాండేది?"

"మీ నాయన."

"ఎందుకు అరుస్తాండాడు?"

"మోటారు ఆపలేదని."

పాపకు అది సబబుగానే తోచినట్టుంది, తలూపింది. నాకు ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టి వేడి చూశాను. అత్త లోపలికి పదండి అనలేదు. కాళ్లు వీధిలోకి వేలాడేసుకుని, "ఇంగోసారి పెట్టు," అంది.