ప్రార్థన నూనె సీసాలో నేను దాచిన భయం

సహోదరులారా, సహోదరీలారా, నన్ను మీ ముందు ఇలా నవ్వు మొహంతో నిలబెట్టిన యేసయ్యకు రెండు చేతులూ ఎత్తి వందనాలు! నా పేరు సుగుణ, మాది మలేషియా తీరంలోని హుటాన్ మెలింటాంగ్, మా ఆయన చేపల పడవల ఇంజన్లు బాగుచేస్తారు, మాకు ఒక్కతే కూతురు షారోను, దాని మూర్ఛల గురించే నా సాక్ష్యమంతా.

ఏడో ఏట మొదలైన ఫిట్లు పద్నాలుగో ఏటికి దాన్ని బడి మానిపించేశాయి. అన్నం తింటూ పడిపోయేది, నడుస్తూ పడిపోయేది, లోపల పడిపోతే ఎలాగని బాత్రూము తలుపుకు గడియ కూడా పీకించేశాము, డాక్టర్లు మందులు మార్చి మార్చి ఇస్తూనే ఉన్నారు, నేను ఏడుస్తూనే ఉన్నాను.

అప్పుడు పడవ మీద పనిచేసే మా మరిది ఎక్కడినుంచో చిన్న సీసా తెచ్చాడు, గంజాయి నూనె! "వదినా, అమెరికాలో రోగులు పేరు రాయించుకుంటే ఇది వాడుకోడానికి కార్డు ఇత్తారంట, ఇక్కడా వత్తాది లా, అందాకా ఒక్కో సుక్క ఎయ్యి, ఏటి బయ్యం?" అన్నాడు, మాట చివర "లా" తగిలించే మా ఊరి యాసలో. మన మలేషియాలో అలాంటి కార్డు లేదని, ఆ సరుకు అమ్మితే ఉరిదాకా పోతుందని, ఇంట్లో ఉంచుకున్నా జైలేనని నాకు తెలియక కాదు, తెలిసే తీసుకున్నాను, కళ్ళముందు పిల్ల పడి కొట్టుకుంటుంటే చట్టం ఎక్కడ గుర్తుంటుంది! ఎవరూ ముట్టుకోరని అలమారలోని ప్రార్థన నూనె సీసా ఖాళీ చేసి, అందులో పోసి దాచాను. చూడండి నా తెలివి!

కొన్ని రోజులు తగ్గినట్టే అనిపించి, ఎవరినీ అడక్కుండా ఆసుపత్రి మాత్రలు సగానికి సగం తగ్గించేశాను. అంతే, ఆ మరుసటి వారం పాప ఒక్క పూటలో మూడుసార్లు పడింది. ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తపరీక్షలో దొరికిపోతానని భయం, వీధిలో పోలీసు బండి వెళ్తే కిటికీలు మూసేయడం, మోకరిస్తే ప్రార్థన సగంలో లేచిపోవడం!

ఆ శనివారం మధ్యాహ్నం ప్రార్థన కూడిక మా ఇంట్లోనే. పాటలయ్యాయి, వాక్యమయింది, పాస్టరయ్య గారు పాప పక్కన నిలబడి నూనె రాసి ప్రార్థిద్దాం, తీసుకురండి అన్నారు. నేను కదల్లేదు. మా ఆయనకు పాపం ఏమీ తెలియదు, లేచి వెళ్ళి ఆ సీసానే తెచ్చి అయ్యగారి చేతిలో పెట్టేశారు! అయ్యగారు మూత తీసి, వాసనకు మొహం చిట్లించి, అయినా వేలు ముంచబోతుంటే నా గొంతులోంచి కేక వచ్చేసింది.

"అయ్యో, వద్దయ్యా! అది నూనె కాదు, గంజా! నానే దాసినాను, నా పిల్ల కోసం సేసినాను, దేవా, నన్ను క్షమించు తండ్రీ!"

అందరికంటే ముందు లేచింది మా సంఘంలోని కరుణమ్మక్క, రిటైరైన నర్సు. నన్ను గట్టిగా పట్టుకుని, "ఓసి పిచ్చిదానా, పిల్ల మాత్రలు తగ్గించినావా ఏటి? ముందు అది సెప్పు! లెగు, ఆసుపత్రికి పోదాం, నాను కూడా వత్తాను" అంది. మా ఆయన వెళ్ళి సీసా పారబోసి వచ్చారు. పాస్టరయ్య, "ప్రభువా, ఈ తల్లి నోరు తెరిచావు, ఇక ఈమెకు దారి కూడా తెరువు" అని ప్రార్థించి మమ్మల్ని కారెక్కించారు.

దగ్గర్లోని తెలుక్ ఇంటాన్ ఆసుపత్రిలో చూపిస్తే, పెద్ద ఊరు ఇపోలోని నరాల డాక్టరమ్మ దగ్గరకు పంపారు. నూనె సంగతంతా చెప్పేశాను, తిడుతుందనుకున్నాను సహోదరులారా, ఆమె కుర్చీ దగ్గరకు లాక్కుని ఓపిగ్గా చెప్పింది! మన దగ్గర రోగికి కార్డు ఉండదట, మందు ప్రభుత్వంలో రిజిస్టరు అయి ఉండాలి, లేదంటే ఆ రోగి పేరుమీదే డాక్టరు అనుమతి అడగాలి, ఏముందో ఎంతుందో తెలియని నూనె పిల్లకు పోయకూడదు. ముందు పాత మాత్రలు సరిచేసి, గంజాయి మొక్క నుంచే తీసిన మూర్ఛ మందు కోసం షారోను పేరుమీద దరఖాస్తు పెట్టింది. సంఘమంతా ఉపవాసం ఉంది, నేనైతే ఫోను మోగితే చాలు, స్తోత్రం అనేదాన్ని! అనుమతి వచ్చింది! దేవునికే మహిమ!

ఆ మందు మొదలయ్యాక ఫిట్లు బాగా తగ్గాయి, పూర్తిగా పోయాయని అబద్ధం చెప్పను, సాక్ష్యంలో అబద్ధమెందుకు? ఎప్పుడో ఒకటి చిన్నగా వచ్చి పోతుంది. కానీ నా బిడ్డ మళ్ళీ బడికి వెళ్తోంది!

పోయిన ఆదివారం డాక్టరమ్మను అడిగి మరీ బాప్తిస్మం ఇప్పించాము. బకెట్టు కంటే లోతు నీళ్ళ దగ్గరకు ఇన్నేళ్ళూ పోనివ్వని పిల్లను ఒకవైపు పాస్టరయ్య, ఒకవైపు వాళ్ళ నాన్న పట్టుకుని ముంచి లేపారు. నేను ఏడుస్తూ పక్కనే నిలబడ్డాను. అది కళ్ళు తుడుచుకుని నన్ను చూసి, "అమా, ఏటి లా ఏడుత్తావు? నాను బాగున్నాను, ఇంకోపాలి మునగనా?" అంది. సంఘమంతా ఒకటే నవ్వు!

మీ ఇంట్లో కూడా భయంతో దాచినది ఏదైనా ఉంటే ఈ రోజే చెప్పేయండి, ముందు దేవునికి, ఆ వెంటనే డాక్టరుకు. నాలాంటిదాన్నే గెంటెయ్యని దేవుడు మిమ్మల్ని గెంటేస్తాడా? రండి, ఆయన్ని నమ్మండి!